పాల లెక్క పుస్తకంలో లారీ రోగం

చెబితే నవ్వుతారేమో గానీ, నాకు డీజిల్ ఇంజను గురించి నాలుగు ముక్కలు తెలుసు. నా చదువు పదో తరగతితో ఆగింది. లారీ నడపడం రాదు. అయినా ఒక చలికాలమంతా పొయ్యి ముందు జొన్నరొట్టెలు చేస్తూ, చెవులు మాత్రం వాకిట్లోని లారీ మీదే పెట్టుకుని గడిపాను. ఆ ముచ్చట మీతో చెప్పుకోవాలనిపించింది.

మాది నిజామాబాద్ దగ్గర ధర్పల్లి. 1997లో మాకున్న ఆస్తల్లా ఒక పాత లారీ. మామూలు రోజుల్లో మా ఆయన వడ్లు, మక్కలు, పసుపు నిజామాబాద్ గంజికి తోలేవారు. చలికాలం వస్తే మాత్రం బోధన్ వైపు చెరకే. 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ అప్పుడు ఇంకా నడుస్తోంది. ఆ సీజన్ సంపాదనతోనే మిగతా ఏడాది నెట్టుకొచ్చేవాళ్ళం. కొట్టిన చెరకు ఆగితే ఎండి తూకం తగ్గుతుంది కదా! లారీ వేళకు రాకపోతే రైతు ఇంకో లారీని పిలుచుకుంటాడు. అతన్ని తప్పు పట్టలేం.

సరిగ్గా ఆ సీజన్‌లోనే మా లారీ మొరాయించింది. పొద్దున నాలుగింటికి సెల్ఫ్ కొడితే గుర్రు గుర్రుమంటుందే గానీ అంటుకోదు. పది పన్నెండుసార్లు కొట్టాక దడదడలాడుతూ లేస్తుంది. తెల్లటి పొగ వాకిలంతా కమ్ముకుంటుంది. లేచాక కూడా ఒక తీరుగా నడవదు, మధ్యమధ్య ఒక దెబ్బ తప్పినట్టు కొట్టుకుంటుంది.

పట్నంలో ఒక షెడ్డుకు తీసుకెళితే, కాసేపు విని, "ఇంజను పోయింది. బోరు చేయించాలె, పిస్టన్లు మార్చాలె. ఇరవై అయిదు వేలు పట్టుకరా" అన్నారట. మా ఆయన ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నారు గానీ ముద్ద ఎత్తలేదు. నాకు అర్థమైంది. మా అమ్మ పెట్టిన మూడు తులాల గుండ్లపేరు పెట్టెలో ఉంది. పెద్దమ్మాయి పెళ్ళికని దాచింది. సేటు దగ్గర కుదువ పెట్టినా సగం డబ్బే వస్తుంది, మిగతాది వడ్డీకి తేవాలి.

"ఇస్తాను గానీ, ఒక్క వారం ఆగుదామా?" అన్నాను.

"వారం ఆగితే ఇంజను బాగైతదా?" అన్నారు కోపంగా. నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు మా ఊరి ముసలి మేస్త్రి దగ్గరికి నేనే వెళ్ళాను. మా ఆయన ఉస్తాద్ అంటారు, నేను చాచా అంటాను. చూపు మందగించి పని మానేసిన మనిషి. అంతా విని, "బిడ్డా, పొగ ఏ రంగు? రేడియేటర్ల నీళ్ళు తగ్గుతున్నయా? ఆయిల్ తాగుతున్నదా?" అని అడిగాడు. ఒక్కదానికీ నాకు జవాబు తెలియదు. "గివి తెల్వకుంట ఇంజను ఎట్ల విప్పుతరు? వారం దినాలు రాసుకొని రా" అన్నాడు.

పాల లెక్క పుస్తకంలో చివరి పేజీ తీసుకున్నాను. ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టారు, పొగ రంగేమిటి, రాత్రి లారీ ఎక్కడ నిలబెట్టారు, నీళ్ళెంత, ఆయిలెంత అని రోజూ రాశాను. మొదటి రెండు రోజులు విసుక్కున్న మా ఆయన, మూడో రోజు నుంచి నేను అడగకముందే చెప్పసాగారు.

చాచా చెప్పిందాన్ని వంటింటి మాటల్లో చెబుతాను. సైకిలుకు గాలి కొడితే పంపు అడుగు వేడెక్కడం మీరు చూసే ఉంటారు. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడిలో డీజిల్‌ను సన్నటి తుంపరలా చిమ్మితే అదే మండుతుంది. జర్మనీ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఇది సాధించి చూపించాడు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఇలాంటి ఇంజనునే పల్లినూనెతో కూడా నడిపారు! కాబట్టి ఇంజను లేవకపోతే చూడాల్సినవి మూడు. సెల్ఫ్ జోరుగా తిప్పుతోందా, గాలి సరిగా నొక్కుడు పడుతోందా, డీజిల్ సరిగా అందుతోందా.

పొగ రంగూ ఒక గుర్తే. నల్లపొగ అంటే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. నీలం పొగ అంటే ఇంజను ఆయిల్ మండుతోందని. చలిలో తెల్లపొగ అంటే డీజిల్ మండకుండా ఆవిరిగా పోతోందని. నీళ్ళు కూడా తగ్గుతుంటే, అవి సిలిండర్‌లోకి దిగుతున్నాయేమోనని అనుమానించాలి.

మా పుస్తకంలో నీలం పొగ లేదు. నీళ్ళు, ఆయిలు తగ్గలేదు. వేడెక్కాక లోడు బాగానే లాగుతోంది. ఇంకోటి కూడా కనిపించింది. రాత్రి పదకొండుకు వచ్చి నాలుగింటికి బయల్దేరిన రోజు రెండుమూడుసార్లకే లేచింది. ఆదివారమంతా నిలబడ్డాక సోమవారం ఇరవైసార్లు కొట్టాల్సి వచ్చింది. ఇంజను మీది చేతిపంపు కొట్టి గాలి తీసిన రోజు మాత్రం ఒక్కసారికే లేచింది.

చదివి వినిపించగానే చాచా నవ్వాడు. "ఇంజను పోలేదు బిడ్డా, పైపు గాలి తాగుతున్నది. డీజిల్ రాత్రికి టాంకిలకు వాపస్ పోతున్నది" అన్నాడు.

మన ఇంట్లో బోరింగు వాషరు పాడైతే నీళ్ళు కిందికి జారిపోయి, పొద్దున మళ్ళీ నీళ్ళు పోసి కొట్టాల్సి వస్తుంది కదా, అచ్చం అలాగే. టాంకు నుంచి పంపు దాకా ఉన్న పైపులో డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. అందుకే కంటికి కనిపించదు.

నిజమో కాదో తేల్చడానికి, టాంకు పైపు తీసేసి, ఎత్తులో కట్టిన శుభ్రమైన డబ్బాలోంచి డీజిల్ ఇచ్చారు. మర్నాడు ఒక్క సెల్ఫ్‌కే లేచింది! పంపు దగ్గర పైపు అతుకులో రాగి వాషరు నలిగి ఉంది. దాని ఖరీదు రెండు రూపాయలు.

సంబరపడ్డాను గానీ, దడదడ పూర్తిగా పోలేదు. అప్పుడు చాచా దగ్గరుండి మా ఆయన చేత, ఇంజను నెమ్మదిగా నడుస్తుండగా నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే కాస్త వదులు చేయించి, మళ్ళీ బిగింపించాడు. బాగున్న సిలిండర్ ఆపితే చప్పుడు మారుతుంది. మూడోది ఆపినా చప్పుడు మారలేదు. ఆ ఒక్క నాజిల్ మార్పిస్తే దడ ఆగిపోయింది. అంతా కలిపి నాలుగు వందల లోపే అయింది. గుండ్లపేరు పెట్టెలోనే ఉండిపోయింది.

ఈ పని మాత్రం ఇంట్లో ఎవరూ చేయకండి. ఆ పైపుల్లోంచి వచ్చే డీజిల్ జోరుకు చర్మంలోకి దూసుకుపోతుంది. ఇప్పటి కామన్ రైల్ బండ్లలో ఒత్తిడి మరీ ఎక్కువ, వాటి నట్లు అసలు ముట్టకూడదు.

మనం చూడగలిగినవి వేరే ఉన్నాయి. బ్యాటరీ బిగింపుల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటే సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది. నెగెటివ్ వైరు ముందు విప్పించి, తినే సోడా కలిపిన నీళ్ళతో కడిగిస్తే పోతుంది. ఆ నీళ్ళు బ్యాటరీ లోపల పడకూడదు సుమా. డీజిల్ కంటే నీళ్ళు బరువు గనుక ఫిల్టరు అడుగున చేరతాయి. వానాకాలంలో వాటిని తప్పక తీయించాలి.

బోధన్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చాచా లేడు. మా అబ్బాయి లారీకి ఇప్పుడు కంప్యూటర్ పెట్టి రోగం చెబుతున్నారు. అయినా బండి తేడాగా ఉందంటే నేను ముందు అడిగేది, "పొద్దున పొగ ఏ రంగు వచ్చింది?" అనే. గుండ్లపేరు పెద్దమ్మాయి మెడలో ఉంది.

మీ ఇంట్లో లారీ గానీ, ట్రాక్టరు గానీ, పొలం దగ్గర ఇంజను గానీ మొరాయిస్తే, బంగారం పెట్టె తెరవకముందు ఒక్క వారం రాసి చూడండి. ముందు చవకైనదే చూడమనండి, ఒకసారికి ఒక్కటే మార్చమనండి. మగవాళ్ళు మొదట నవ్వుతారు. నవ్వనీయండి.