గంటకు డాలరు లెక్క

అమెరికాలో వీడియో గేమ్ కొనేవారి నోట తరచుగా వినిపించే లెక్క ఒకటున్నది: ఆట ధరను అది ముగియడానికి పట్టే గంటలతో భాగించి, గంటకు డాలరు లోపు పడితే గిట్టుబాటనీ, మించితే మోసమనీ తేల్చడం. ధర చూడగానే మనసులో రూపాయల్లోకి మార్చుకునే ప్రవాస తెలుగు కుటుంబాలకు ఈ భాగహారం ఇట్టే నచ్చుతుంది. 2020 నుంచి పెద్ద ఆటల ధర 60 డాలర్ల నుంచి 70కి పాకడం మొదలైనందున, పిల్లవాడు అడిగిన ఆట ఎన్ని గంటలు వస్తుందన్న ప్రశ్న ఆ ఇళ్ళలో అసమంజసమేమీ కాదు. అయితే ఆ లెక్క కొలిచేది కాలాన్నే గాని ఆటను కాదు.

2015లో ప్లేస్టేషన్ 4 కోసం వెలువడిన ‘ది ఆర్డర్: 1886’ కొద్ది గంటల్లోనే అయిపోతుందని పెద్ద గొడవ జరిగింది. నిజానికి దాని లోపం నిడివిలో లేదు, ఆడేవాడి చేతికి పని తగ్గించి కథను సినిమాలా చూపుతూ పోవడంలో ఉన్నది. ముప్పై గంటలు సాగి ఉంటే ఆ విసుగే ముప్పై గంటలు సాగేది. 2007 నాటి ‘పోర్టల్’లో గోడకొక ద్వారం, నేలకొక ద్వారం తెరిచి, ఒకదానిలో దూరి మరొకదానిలో తేలడమనే ఒక్క ఊహ ఉంటుంది, అది పాతబడకముందే మూడు నాలుగు గంటల్లో ఆట ముగుస్తుంది. సుమారు రెండు గంటల ‘జర్నీ’ సంగీతం గ్రామీ పురస్కారానికి నామినేషన్ పొందింది. భాగహారం ప్రకారం ఇవన్నీ నష్టపు బేరాలే!

పొడవు దోషమని కాదు. పాత్రను ధరించి దాని శక్తులను పెంచుకుంటూ పోయే ‘రోల్ ప్లేయింగ్’ తరహాకు చెందిన ‘పెర్సోనా 5’, టోక్యోలో చదివే విద్యార్థి జీవితాన్ని క్యాలెండరు ప్రకారం రోజురోజుగా నడిపిస్తుంది గనుక నూరు గంటలు కోరడం న్యాయం. కాని 2022లో ‘డయింగ్ లైట్ 2’ నిర్మాతలు తమ ఆటను సాంతం పూర్తిచేయడానికి 500 గంటలు పడుతుందని గొప్పగా ప్రకటించి, కొనేవారే బెదిరిపోయేసరికి, ప్రధాన కథ 20 గంటలేనని సర్దిచెప్పుకోవలసి వచ్చింది.

నాలుగు గంటలకు దగ్గరగా సాగే ‘దానవీరశూరకర్ణ’ను 1977లో నెత్తిన పెట్టుకున్న తెలుగువారికి పొడవంటే భయమెందుకని అడగవచ్చు; కాని ప్రేక్షకుడు కూర్చుంటే చాలు సినిమా దానంతటదే నడుస్తుంది, ఆట అలా నడవదు. సరైన పోలిక విజయవాడ, హైదరాబాదు వీధుల్లోని పాత గేమ్ పార్లర్లలో దొరుకుతుంది. అక్కడ పిల్లలు కొన్నది ఆటను కాదు, గంటను. ఎనిమిది దశల ‘కాంట్రా’ చేయితిరిగినవారి చేతిలో అరగంటలో అయిపోయేది. అయిపోగానే మళ్ళీ మొదలయ్యేది, శత్రువు ఎక్కడినుంచి దూకుతాడో కంఠతా వచ్చేది. ఆట పొట్టిదని అలిగినవాడు లేడు, గంట పొట్టిదని పార్లరు యజమానితో తగువు పడినవారే అందరూ.

అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదన్న బోర్డుల మధ్య పెరిగినవారికి, ఆటలమ్మే ‘స్టీమ్’ 2015లో తెచ్చిన నిబంధన నిజంగా ముచ్చటగొలుపుతుంది: కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు తిరిగి ఇస్తారు. ఇక్కడా గంటల లెక్కే. 2021లో ‘సమ్మర్ ఆఫ్ 58’ అనే చిన్న భయానక ఆటను ఆ గడువులోనే ముగించి, మెచ్చుకుని కూడా చాలామంది డబ్బు వెనక్కి తీసుకోవడంతో, దాని రూపకర్త ఆటల తయారీ నుంచి నిరవధికంగా తప్పుకుంటున్నట్లు ప్రకటించారు. గంటన్నర ఆటకూ నూరు గంటల ఆటకూ ఒకే గడువు పెట్టడం అన్యాయం. ఆ నిబంధన మారాలి.