ఉయ్యూరు నుండి సాగరసంగమమునకు

బెజవాడ నుండి బందరు పోవు బాటలో సుమారు 30 కిలోమీటర్ల దూరమున ఉయ్యూరు కలదు. చెఱకు తోటలు, చక్కెర కర్మాగారము, మాఘమాసమున వీరమ్మతల్లి తిరునాళ్లు, పుల్లేటి కాలువ - ఇవియే మా యూరి గుర్తులు. సముద్రముమీద చమురు ఒలికినచో మన కేమి యని మేమును మొన్నటివఱకు తలచెడివారము. ఆ భ్రమ యెట్లు తొలగినదో సోదరీమణులకు విన్నవించుటకే యీ వ్యాసము.

మా చెల్లెలి కుమార్తె పర్యావరణ ప్రణాళికలు సిద్ధపఱచు నుద్యోగము చేయుచున్నది. ఓడలనుండి గాని, నూనెబావులనుండి గాని చమురు ఒలికినయెడల ఏ తీరమును ముందు కాపాడవలెనో, ఎవ రేపని చేయవలెనో ముందుగనే వ్రాసియుంచుట ఆమె పని. సంక్రాంతికి మా యింటికి వచ్చి, "పెద్దమ్మా, కృష్ణ సముద్రమున గలియు చోటు చూతము రండి" అని పిలిచినది. పులిహోర మూట గట్టుకొని, మా తోడికోడలిని వెంటబెట్టుకొని బయలుదేరితిమి.

పామఱ్ఱు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ దాటి నాగాయలంక చేరితిమి. దారి పొడవునను వరికుప్పలు, కోసిన మళ్లలో పచ్చని మినుముచేలు కన్నులపండువుగా నుండెను. నాగాయలంకలో పడవ యెక్కితిమి. క్రిందికి బోయినకొలది నీరు ఉప్పనయ్యెను. ఇరుగట్టులను మడయడవి క్రమ్ముకొనెను. బురదలోనుండి వేలకొలది మేకులవలె పైకి పొడుచుకొనివచ్చిన వేళ్లను జూచి మేము వింతపడితిమి. అవి చెట్టు ఊపిరి పీల్చుకొను వేళ్లట. చమురు పూత పట్టినచో ఆ రంధ్రములు మూసికొని చెట్టు ఉక్కిరిబిక్కిరియై చచ్చునట. ఈ నీడలోనే రొయ్యపిల్లలు, పీతలు, చేపపిల్లలు పెరుగును. నీటిపిల్లి యిచ్చటనే వేటాడును. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు వేలాదిమంది ప్రాణములు గోల్పోయిరి. అలల యుద్ధతిని తగ్గించు నిట్టి యడవుల విలువ ఈ సీమవారికి వేఱుగ జెప్పనక్కఱలేదు.

మా పిల్ల యొడిలో ఒక పటము విప్పినది. తీరములకు 1 మొదలు 10 వఱకు అంకెలు వేయుదురట. అలలు కొట్టుచుండు ఱాతితీరమునకు 1; అది తనంతట తానే కడుగుకొనును. మడయడవికి 10, అందు దూరిన చమురు ఏండ్లతరబడి బురదలో నిలిచిపోవును. నీటిపై తేలు చమురు ప్రవాహముతోబాటు గాలివేగములో నూటికి 3 వంతుల వేగముతో నడచునట. గంటకు 30 కిలోమీటర్ల గాలి తీరమువైపు వీచినయెడల, 30 కిలోమీటర్ల దూరమున ఒలికినది ఒకటిన్నర దినములోపలనే ఒడ్డు తాకవచ్చును. అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు తీరప్రవాహము దక్షిణమునకు సాగును గనుక, గోదావరి ముఖమున ఒలికినది మనవైపు రావచ్చును. 1995 జనవరిలో కోనసీమయందలి పాశర్లపూడిలో బావి పేలి రెండు నెలలకు పైగా మండుట పెద్దలకు జ్ఞాపకముండును. 2024 జనవరిలో కాకినాడకు ఎదురుగా లోతుసముద్రమునుండి చమురు దీయుట మొదలైనది. 2023లో బందరు నూతన రేవుపనులకు శంకుస్థాపన జరిగినది.

1996 నుండి మన దేశమునకు ఇట్టి యాపదలకై ఒక జాతీయ ప్రణాళిక కలదు. తీరరక్షక దళము దానికి పెద్ద. 700 టన్నులవఱకు ఒలికినదానిని ఆయా రేవులవారే యెత్తివేయగలిగి యుండవలెనని నియమము. అయినను 2017 జనవరిలో ఎన్నూరు చెంత రెండోడలు గ్రుద్దుకొన్నప్పుడు జనులు బకెట్లతో చమురు తోడవలసివచ్చెను. 2023 డిసెంబరులో బాపట్ల చెంత తీరము దాటిన తుపానే అంతకుముందు ఎన్నూరులో వరదలు దెచ్చి, చమురును కయ్యలలోనికి, జాలరుల పడవలమీదికి, వలలమీదికి దెచ్చెను.

నీటిపై తేలు కంచెలు గొన్నియే యుండును. సముద్రపు పాయలు పెక్కులు. ఏ పాయ ముందు మూయవలెను? మా పిల్ల పటములో ఒక సన్నని పాయకు గీత లేకుండెను. గట్టున పీతలు ఏరుచున్న యొక వృద్ధురాలు ఆ మాట విని, "పెద్దపాయలో మగోళ్లు వలేత్తారమ్మా. మా ఆడోళ్ల కూడు ఈ చిన్నపాయలోనే" అనెను. మా పిల్ల మాఱుమాటాడక, కలము దీసి ఆ పాయకు ఎఱ్ఱగీత గీచెను. అయితే ఆ గీతకొఱకు మఱియొక చోటి కంచెను తగ్గింపవలసివచ్చునని చెప్పి, తిరిగివచ్చునంతవఱకు మౌనముగ నుండెను. ఆ పని యెంత బరువైనదో అప్పుడు మాకు దెలిసినది.

ఇక మన యిండ్లసంగతి. డెల్టా పల్లెలలో మంచినీటి చెఱువులు కాలువనీటితో నిండును. చమురుబండ్లు ఆ కాలువగట్ల ప్రక్కనే పోవుచుండును. ఒకటి తిరుగబడెనేని మొదట చెఱువుతూము మూయింపవలెను. నిప్పు దగ్గఱకు రానీయరాదు. పెట్రోలయినచో దూరముగ దొలగి అధికారులకు దెలుపవలెను. సబ్బు చల్లి పోగొట్టెదమనుట తప్పు. చాఱుమీద తేలు నూనెను గరిటతో దీయవచ్చును గాని, కలియబెట్టిన పిమ్మట దీయ శక్యమా? చిక్కని నూనెయై నీరు మెల్లగ బాఱుచుండినచో అనుభవజ్ఞులు గడ్డిమోపులు అడ్డముగ గట్టి దానిని నిలుపుదురు. గడ్డికి మన సీమలో కొదువ లేదు.

ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వుట యేమి లాభము? ఉయ్యూరు చేరునప్పటికి ప్రొద్దు గ్రుంకినది. మఱునాడుదయముననే మా తోడికోడలు మా వీధి చెఱువుతూము తాళము ఎవరివద్ద నున్నదో విచారించి వచ్చినది.