గాలి ఒప్పుకున్నంత దూరం

పిల్లలతో తెరచాప పడవ నడపాలనుకునే వాళ్లకి క్రొయేషియా తీరం కంటే అనువైన చోటు నాకు తెలిసినంతలో లేదు. ఏడ్రియాటిక్‌లో ఆటుపోట్లు చాలా తక్కువ. స్ప్లిట్ నగరం పరిసరాల్లో నీటిమట్టం జానెడు, మహా అయితే మూరెడు మారుతుంది. తీరం పొడుగునా వెయ్యికి పైగా దీవులు, దిబ్బలు ఉన్నాయి. గాలి ఎటు తిరిగినా వాటిలో ఏదో ఒకదాని మాటున తలదాచుకోవచ్చు. మేముండే మ్యూనిక్ నుంచి కారులో ఒక పూర్తి పగటి ప్రయాణం. 2023 జనవరిలో క్రొయేషియా షెంగెన్‌లో చేరింది కాబట్టి, జర్మనీ నివాస కార్డున్న మనవాళ్లకి వేరే వీసా పని కూడా లేదు.

అక్కడ పడవలు ఎక్కువగా శనివారం నుంచి శనివారానికి, వారం లెక్కన అద్దెకిస్తారు. నడిపే మనిషి దగ్గర లైసెన్సు, రేడియో సర్టిఫికెట్ ఉంటేనే పడవ చేతికిస్తారు. నాతోపాటు మా ఆవిడ కూడా ఆ పరీక్షలు రాసింది. "మీకేమైనా అయితే పిల్లల్ని ఒడ్డుకి చేర్చేదెవరు?" అని తనే పట్టుబట్టింది. పిల్లలున్న ప్రతి పడవలోనూ నడపగలిగినవాళ్లు ఇద్దరుండాలని ఇప్పుడు నేను గట్టిగా చెబుతాను.

త్రోగిర్ దగ్గర పడవెక్కి, మొదటి రాత్రికి షోల్తా దీవి చేరాం. అక్కడే పిల్లలకి పనులు పంచాం. మా పెద్దమ్మాయికి పదకొండేళ్లు. లంగరు వేసేటప్పుడు ముందు కొమ్ము దగ్గర నిలబడి నీళ్లలోకి చూడటం తన పని. లేత రంగు కనిపిస్తే ఇసుక, ముదురు రంగయితే పోసిడోనియా అనే సముద్రగడ్డి. ఆ గడ్డి చేపపిల్లలకి నీడ. లంగరు దాన్ని పెకలిస్తే మళ్లీ పెరగడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది, పైగా గడ్డిలో లంగరు సరిగ్గా పట్టదు కూడా. అందుకే "ఇసుక వచ్చింది నాన్నా!" అని తను అరిచేదాకా గొలుసు వదిలేవాణ్ని కాదు. గంటకోసారి గాలి దిశ, పడవ వేగం, బారోమీటరు అంకె పుస్తకంలో రాయడం కూడా తనదే. ఆరేళ్ల చిన్నోడికి ఫెండర్లు అప్పగించాం. పడవ గట్టుకి రాసుకోకుండా పక్కన వేలాడదీసే గాలి బుంగలవి. వేలాడదీయడం, పైకి లాగడం, లెక్కపెట్టి సర్దడం వాడి బాధ్యత. ఉత్తుత్తి పని ఇస్తే పిల్లలు ఇట్టే కనిపెట్టేస్తారు. నిజమైన పని ఇస్తే వాళ్ల నడకే మారిపోతుంది.

లైఫ్ జాకెట్ విషయంలో మాత్రం బేరాల్లేవు. నిద్రలేచి పైకి వచ్చింది మొదలు లోపలికి దిగేదాకా ఒంటి మీద ఉండాల్సిందే. పిల్లల జాకెట్ వాళ్ల బరువును బట్టి కొనాలి. కాళ్ల మధ్యనుంచి పట్టీ ఉండాలి, లేకపోతే నీళ్లలో పడగానే జాకెట్ తలమీదుగా జారిపోతుంది. మెడ వెనక మెత్త ఉంటేనే మొహం పైకి తేలుతుంది. మాది రాజమండ్రి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటక బోటు మునిగినప్పుడు మా వీధి వీధంతా టీవీల ముందు కూర్చుని ఏడ్చింది. అందుకే అమ్మ రోజూ ఫోన్ చేసి, మా క్షేమం అడక్కముందే "పిల్లలు జాకెట్లు వేసుకున్నార్రా?" అని అడిగేది. చిన్నోడు ఫోన్ లాక్కుని, "పడుకున్నప్పుడు తప్ప తియ్యట్లేదు నానమ్మా" అని చెప్పేవాడు.

షోల్తా నుంచి విస్ దీవికి దాటేటప్పుడు పిల్లలిద్దరికీ కాస్త కడుపులో తిప్పింది. లోపల కూర్చోనివ్వకుండా పైకి పిలిచి, దూరంగా కనిపించే కొండ మీద చూపు నిలపమని చెప్పి, నమలడానికి అల్లం ముక్క ఇచ్చాం. కాసేపటికి తేరుకుని ఆకలన్నారు. పడవ పొయ్యి ఇరుసుల మీద వేలాడుతుంది. పడవ ఎటు ఒరిగినా గిన్నె నిటారుగానే ఉంటుంది. కుక్కర్లో కందిపప్పు ఉడికించి, వేడన్నంలో కలిపి ఆవకాయ వేసుకుని తింటుంటే, ఆ గాలికి ఆ రుచి ఇంకో చోట దొరకదనిపించింది.

విస్ కథ వేరు. 1944లో యుగోస్లావ్ నాయకుడు టిటో హుమ్ కొండ మీది గుహలోంచి తన సేనల్ని నడిపించింది ఇక్కడినుంచే. తర్వాత దీవిని యుగోస్లావ్ సైన్యం తీసుకుంది. 1989 దాకా విదేశీయుల్ని రానివ్వలేదు. హోటళ్లు దీవిని మింగేయకపోవడానికి అదే కారణం. జలాంతర్గాముల్ని దాచడానికి కొండలోకి తొలిచిన సొరంగం ఇంకా ఉంది. దాని ముందునుంచి వెళ్తుంటే మా చిన్నోడు ఊపిరి బిగబట్టి చూశాడు.

దీవికి అవతల కొమీజా ఊళ్లో, పాత కోటలోని మత్స్యకారుల మ్యూజియంలో ఫల్కూషా పడవ చూశాం. కొమీజా జాలర్లు ఇలాంటి పడవల్లో 42 నాటికల్ మైళ్ల దూరంలోని పలగ్రూజా దీవికి సార్డీన్ల వేటకి వెళ్లేవారు. పడవకి అయిదుగురు. ఆ దీవి మీద పడవలు లాగిపెట్టుకునే చోటు కొంచెమే కాబట్టి ముందు చేరినవాళ్లదే జాగా. అందుకని అందరూ ఒక్కసారే బయల్దేరి పందెం వేసుకున్నట్టు వెళ్లేవారు. గాలి లేకపోతే పక్క చెక్కలు ఊడదీసి తెడ్లు వేస్తూ పోయేవారు. మా పెద్దమ్మాయి ఆ తెడ్డు పొడవు చూసి చాలాసేపు అక్కణ్నుంచి కదల్లేదు.

మర్నాడు బీషెవో దీవిలోని నీలిగుహ చూడాలి. పిల్లలు ఇంటి దగ్గర్నుంచీ కలవరించింది దాని గురించే. పొద్దున్నే బారోమీటరు రాస్తూ పెద్దమ్మాయి, "నాన్నా, నిన్నటినుంచీ తగ్గుతూనే ఉంది" అంది. స్ప్లిట్ రేడియో వాతావరణ ప్రసారం అదే మాట చెప్పింది: యూగో వస్తోంది. వేసవి మధ్యాహ్నాల్లో వాయవ్యం నుంచి వీచే మాయెస్త్రాల్ మంచి గాలి. కొండల మీదనుంచి విరుచుకుపడే చలిగాలి బూరా. ఆగ్నేయం నుంచి తేమతో వచ్చే యూగో అలల్ని రోజుల తరబడి పెంచుతూ పోతుంది. పూర్వం దుబ్రోవ్నిక్‌లో యూగో వీచే రోజుల్లో చట్టాలు చేసేవారు కారని చెప్పుకుంటారు. ఆ గాలికి గుహ ముఖద్వారం మూసుకుపోతుంది.

పిల్లలకి చార్టు పరిచి, గాలి బాణాలు చూపించి, ఉన్నదున్నట్టు చెప్పాం. చిన్నోడు ఏడ్చాడు. ఏడవనిచ్చాం. రేపు వెళ్దామనో ఎల్లుండి వెళ్దామనో నమ్మబలకలేదు. వెంటనే తాళ్లు విప్పి, గాలి ముదరకముందే హ్వార్ దీవిలోని స్తారి గ్రాద్ అఖాతంలోకి చేరాం. పడమటికి తెరుచుకున్న లోతైన అఖాతమది, ఆగ్నేయ గాలి అంతగా సోకదు. ఆ రాత్రి తాళ్లు మూలుగుతుంటే పిల్లలు హాయిగా నిద్రపోయారు, మేమిద్దరం వంతులవారీగా మేలుకున్నాం.

గాలి తగ్గేదాకా ఆ ఊళ్లోనే ఉన్నాం. ఈ యాత్రలో నాకు అన్నిటికంటే విలువైనది అక్కడే దొరికింది. క్రీస్తు పూర్వం 384లో పారోస్ దీవి నుంచి వచ్చిన గ్రీకులు ఊరు కట్టుకుని, పక్కనున్న మైదానాన్ని కొలిచి పంచుకున్నారు. ఒక్కో కమతం దాదాపు 900 మీటర్ల పొడవు, 180 మీటర్ల వెడల్పు, అంటే మన లెక్కలో 40 ఎకరాలు. సున్నం లేకుండా పేర్చిన రాతిగోడలే హద్దులు. ఇరవైనాలుగు శతాబ్దాలు గడిచినా హద్దులు చాలావరకు అవే, పంటలూ అవే: ద్రాక్ష, ఆలివ్. 2008లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గట్టు తగాదాలు చూస్తూ పెరిగిన నాకు ఆ గోడల పక్కన నడుస్తుంటే ఒళ్లు జలదరించింది. రాజ్యాలు ఎన్ని మారినా ఆ రైతులు హద్దురాయిని గౌరవించారు. తోటలో పనిచేసుకుంటున్న ఒక పెద్దాయన పిల్లల్ని పిలిచి దోసిళ్లలో అత్తిపళ్లు పోశాడు. గుహ ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

తిరుగు ప్రయాణంలో మాయెస్త్రాల్ వచ్చింది. ఇంజిను ఆపేసి, తెరచాప ఎత్తి, చక్రం పెద్దమ్మాయికి అప్పగించాం.

పిల్లల్ని నీళ్ల మీదికి తీసుకెళ్లండి. క్రొయేషియా దాకా పోనక్కర్లేదు, పాపికొండలకైనా సరే. కానీ ముందు ఈత నేర్పించండి. పడవ ఎక్కేముందు పిల్లల కొలతకి సరిపోయే జాకెట్ అడగండి, పట్టీలు మీ చేత్తో బిగించండి, దిగేదాకా తీయనివ్వకండి. అలాంటి జాకెట్ లేదంటే ఆ పడవ ఎక్కకండి.