మిరప తోరణాల ఊళ్లో మా పండుగలు

ఎడిసన్ వదిలి న్యూ మెక్సికో వెళ్తున్నామని చెప్పినప్పుడు మిత్రులలో ఇద్దరు ముగ్గురు "అయితే వీసాల పని ఎంతవరకు వచ్చింది?" అని అడిగారు. అది మెక్సికో దేశం కాదనీ, 1912లోనే అమెరికాలో ఒక రాష్ట్రమైందనీ విడమరిచి చెప్పవలసి వచ్చింది. మేము వచ్చి నాలుగేళ్లు కావస్తోంది. మన సంఘం పత్రిక ప్రతినెలా తపాలాలో అందుతూనే ఉంది. ఫోను చేసిన ప్రతివారూ "అక్కడ మనవాళ్లున్నారా? పండుగలు ఎలా చేసుకుంటున్నారు?" అని అడుగుతున్నారు గనుక, అందరికీ కలిపి ఒక్కసారే జవాబు రాస్తున్నాము.

మేముండే ఆల్బుకర్కీ 1706లో స్పెయిన్ వారు వేసిన ఊరు. సముద్రమట్టానికి సుమారు 5,300 అడుగుల ఎత్తు. తూర్పున సాండియా కొండలు, పడమట ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతాల దిబ్బలు, నడుమ రియో గ్రాండే నది. సాండియా అంటే స్పానిష్ భాషలో పుచ్చకాయ. సూర్యుడు పడమటికి వాలే వేళ ఆ కొండలు కోసిన పుచ్చకాయ రంగుకు తిరుగుతాయి. ఏడాది మొత్తానికి పడే వాన తొమ్మిది, పది అంగుళాలు. ఇంత ఎత్తున నీళ్లు 95 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గరే మరుగుతాయి. కాబట్టి కందిపప్పుకు కుక్కరు రెండు కూతలు ఎక్కువ కూయాలి. ఇడ్లీ పిండిని ఓవెనులో దీపం వేసి దాచకపోతే తెల్లారినా పొంగదు. ఇవన్నీ కష్టాలే గాని, వడియాలు మాత్రం ఒక్క ఎండకు గలగలలాడిపోతాయి.

ఎడిసన్‌లో మా పండుగలు ఎలా గడిచేవో మీకు తెలిసిందే. పండుగ ఏ వారాన వచ్చినా దగ్గరి శనివారానికి జరిపేవాళ్లం. హైస్కూలు హాలు, పిల్లల నాట్యాలు, నాలుగు వందల మందికి పులిహోర. ఇక్కడ తొలి ఏడు మాకు తెలిసిన తెలుగు కుటుంబాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. సాండియా ప్రయోగశాలలో ఒకరు, విశ్వవిద్యాలయం ఆసుపత్రిలో ఇద్దరు, అరవై మైళ్ల దూరాన శాంటా ఫేలో ఒకరు, ఇంకా ఆవల లాస్ ఆలమోస్‌లో ఒకరు. జనవరిలో వచ్చాము, మార్చిలో ఉగాది. న్యూ మెక్సికోలో మార్చి అంటే ఇసుక గాలుల నెల. కిటికీలన్నీ బిగించుకొని, వేపపువ్వు దొరక్క మెంతులు వేసిన పచ్చడిని నలుగురమూ నాలుగు చెంచాలు తిని, ఎవరి బడికి వాళ్లు, ఎవరి ఆఫీసుకు వాళ్లు బయలుదేరాము. గుమ్మంలో మా అమ్మాయి (అప్పటికి పదేళ్లది) "ఎవరూ రానిది పండుగెలా అవుతుంది?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. రెండేళ్లు చూద్దాం, పిల్లల మనసు కుదురుకోకపోతే వెనక్కి పోదాం అని ఆ రాత్రి మాలో మేము గడువు పెట్టుకున్నాము.

ఇక్కడ "మేము ఇండియన్లం" అంటే వెంటనే వచ్చే ప్రశ్న "ఏ ప్వెబ్లో?" అని. ప్వెబ్లో అంటే స్పానిష్‌లో ఊరు. 1540లో స్పెయిన్ దండు ఈ ప్రాంతానికి రాకముందే మట్టి మేడలు కట్టుకొని మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించుకుంటున్న ఆదివాసుల ఊళ్లవి. ఈనాటికీ న్యూ మెక్సికోలో 19 ఉన్నాయి. కొలంబసు మన దేశానికి దారి వెతుక్కుంటూ వచ్చి, మన పేరు వీళ్లకు అంటించి పోయాడు గదా! ఆ పేరు పంచుకున్నందుకు ఇక్కడ మాకు ఆదరమే దొరికింది. మా చిన్నవాడైతే బడిలో "మాది గుంటూరు ప్వెబ్లో" అని చెప్పి వచ్చాడు.

ఆ ఏడు ఆగస్టు 4న శాంటో డొమింగో ప్వెబ్లోకు వెళ్లాము. వారి భాషలో ఆ ఊరి పేరు కేవా. ఆ రోజు అక్కడ మొక్కజొన్న నృత్యం. మండుటెండలో వందలమంది, పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా, పచ్చని కొమ్మలు చేతబట్టి డప్పుకు అడుగులు వేస్తారు. అది వినోదం కాదు, వానకూ పంటకూ ప్రార్థన. ఫొటోలు తీయకూడదు, చప్పట్లు కొట్టకూడదు. ముఖపరిచయం లేని ఒక ఇంటివాళ్లు మమ్మల్ని లోపలికి పిలిచి, మట్టి పొయ్యిలో కాల్చిన రొట్టె, మొక్కజొన్న వడ్డించారు. తిన్నవాళ్లు త్వరగా లేచి వెనకవాళ్లకు చోటివ్వాలి, అదే మర్యాద. అచ్చం మన పల్లెల్లో జాతరనాటి పంక్తి. తిరిగి వస్తుంటే అమ్మాయి కారులో "ఇవాళ శనివారం కాదుగా, మరి వీళ్లందరూ ఎలా వచ్చారు?" అంది. ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. అప్పటినుంచి మా ఇంట్లో పండుగను తిథి నాడే చేస్తున్నాము. హాలు అద్దెకు తీసుకునేటంత మంది లేనప్పుడు శనివారం దాకా ఆగడమెందుకు?

మరుసటి ఏడు జూలై చివర పిల్లల నాయనమ్మ ఆరు నెలలుండి పోదామని వచ్చింది. గుంటూరు జిల్లా మిరప పొలాల మధ్య పెరిగిన మనిషి. ఆగస్టు రాగానే ఈ ఊళ్లో ప్రతి అంగడి ముందూ ఒక ఇనుప జల్లెడ పీపా పెట్టి, కింద మంట వేసి, దాన్ని గిరగిర తిప్పుతూ పచ్చిమిరపకాయలు కాలుస్తారు. దక్షిణాన హాచ్ అనే చిన్న ఊరి చుట్టూ పండే కాయలకు పేరెక్కువ. జనం మూటలకు మూటలు కొని, కాల్చి, పొట్టు తీసి, చలికాలానికి ఫ్రీజరులో దాచుకుంటారు. అవే కాయలు పండి ఎర్రబడితే దండలుగా గుచ్చి గుమ్మాలకు వేలాడదీస్తారు. రిస్త్రా అంటారు. భోజనశాలలో కూర్చోగానే "ఎరుపా, పచ్చా?" అని అడుగుతారు. రెండూ కావాలంటే "క్రిస్మస్" అనాలి. ఆ కమురు వాసనకు నాయనమ్మ కారు ఆపించి దిగి, ఒక కాయ కొరికి, "ఇది కూరగాయేనే, కారం కాదు" అని తీర్పు చెప్పింది.

ఆ మూట పొట్టు తీసే పనిలోనే పక్కింటి పెద్దావిడతో స్నేహం కుదిరింది. ఆవిడ పూర్వులు ఈ నదిలోయలో ఎన్నో తరాలుగా ఉన్నవారు. పిల్లలు ఆవిణ్ణి "అబ్వేలా" అంటారు, స్పానిష్‌లో అమ్మమ్మ అని. నాయనమ్మకు ఇంగ్లీషు రాదు, ఆవిడకు తెలుగు రాదు, అయినా ఇద్దరూ పెరట్లో నీడన కూర్చొని పూటంతా కాయలు ఒలిచేవారు. ఆవిడ పెట్టిన మిరప ముద్దలో నాయనమ్మ చింతపండు, మెంతిపిండి కలిపి తాలింపు పెట్టి, పండుమిరప పచ్చడి చేసి ఇచ్చింది. ఆవిడ గోడకు మట్టీ గడ్డీ కలిపి పూత పూస్తుంటే నాయనమ్మ చీర కుచ్చిళ్లు దోపుకొని తానూ చెయ్యి వేసింది. ఇల్లలికిన చేతికి ఆ పని ఎవరూ నేర్పనక్కరలేదు. ఈ రాష్ట్రం జెండా చూసి కూడా నాయనమ్మ మురిసిపోయింది. పసుపు గుడ్డ మీద ఎర్రని సూర్యుడు, నాలుగు దిక్కులకు నాలుగేసి కిరణాలు. జియా ప్వెబ్లో వారి గుర్తును తీసుకొని 1925లో పెట్టుకున్న జెండా అది. "పసుపూ కుంకుమా పెట్టుకున్న రాష్ట్రం" అంది.

అక్టోబరులో బెలూన్ల పండుగ. 1972లో 13 బెలూన్లతో మొదలై, ఇప్పుడు వందలకు పెరిగింది. ఇక్కడ తెల్లవారుజామున తరచు కింది గాలి దక్షిణానికీ పైగాలి ఉత్తరానికీ వీస్తాయట. అందుకని ఎగిరినవాళ్లు ఎత్తు మార్చుకుంటూ బయలుదేరిన చోటికే తిరిగి రాగలరు. దసరా సాధారణంగా ఆ రోజుల్లోనే వస్తుంది. బొమ్మల కొలువులో మా చిన్నవాడు కొండపల్లి ఏనుగు అంబారీకి ఒక కాగితం బెలూను కట్టాడు. అది ఇప్పుడు మా కొలువులో ఆనవాయితీ అయింది.

డిసెంబరు 16 నుంచి 24 దాకా తొమ్మిది రాత్రులు ఇక్కడి కాథలిక్కులు "లాస్ పొసాదాస్" జరుపుకుంటారు. మేరీ, జోసెఫ్ వేషాలు కట్టినవారు గుంపుతో ఇంటింటికీ వెళ్లి, తల దాచుకోవడానికి చోటిమ్మని పాటగా అడుగుతారు. లోపలివారు లేదు పొమ్మని పాటగానే చెబుతారు. చివరి ఇంటివారు తలుపు తీసి అందరికీ భోజనం పెడతారు. మన ధనుర్మాసం మొదలయ్యేదీ ఆ రోజుల్లోనే. "హరిదాసు ఒక్కడే వస్తాడు, వీళ్లు ఊరంతా వస్తారేం!" అంది నాయనమ్మ. ఒక రాత్రికి మీ ఇల్లు కూడా ఒక గుమ్మంగా ఉంటుందా అని పక్కింటావిడ అడిగింది. లేదనే ఇల్లయితే మాకు సులువని ఒప్పుకున్నాము. మా అమ్మాయి మాత్రం ససేమిరా అంది. "మనం లేదనే ఇల్లు వద్దు, తలుపు తీసే ఇల్లు కావాలి" అని పట్టుబట్టింది. వాళ్లు ఒప్పుకొని ఆ రాత్రికి చివరి గుమ్మం మాకిచ్చారు. నలభై మంది వచ్చారు. జంతికలు, సున్నుండలు, పులిహోర అన్నీ చెల్లిపోయాయి.

క్రిస్మస్ ముందు రాత్రి గోధుమరంగు కాగితపు సంచుల్లో గుప్పెడు ఇసుక పోసి, అందులో కొవ్వొత్తి నిలిపి, ఇళ్ల చూరుల మీదా దారుల వెంటా బారులు తీరుస్తారు. దీపావళి మళ్లీ వచ్చినట్టుంటుంది. వీటిని ఆల్బుకర్కీలో లూమినారియా అంటారు. శాంటా ఫే వాళ్లు మాత్రం అవి ఫరోలీతోలనీ, లూమినారియా అంటే వీధిలో వేసే చిన్న కట్టెల మంట అనీ వాదిస్తారు. ఆనపకాయా సొరకాయా అని మనవాళ్లు పోట్లాడుకున్నట్టే ఇదీ తెగదు.

ఆ కట్టెల మంటే మాకు భోగి మంటయింది. తెల్లవారుజామున అయిదింటికి, గడ్డకట్టే చలిలో, పెరట్లో పిన్యోన్ కట్టె పేర్చి వెలిగించాము. కమ్మని ధూపంలాంటి వాసన ఆ కట్టెది. శాంటా ఫే, లాస్ ఆలమోస్ కుటుంబాలు ముందు రాత్రే వచ్చి మా ఇంట్లో పడుకున్నాయి. పొసాదాస్ నాడు వచ్చినవారిలో పదిమంది దాకా దుప్పట్లు కప్పుకొని వచ్చారు. చిన్నవాడికి చైనా దుకాణంలో దొరికిన ఎండు రేగుపళ్లతో భోగిపళ్లు పోశాము. సిమెంటు వాకిట్లో పెట్టిన ముగ్గు, వాన లేదు గనుక, మూడు వారాలు చెదరలేదు.

గొబ్బెమ్మలకు పేడ పక్కింటావిడ మేనల్లుడి దొడ్డి నుంచి వచ్చింది. పూలు? నవంబరులో పితృదినాలకు ఇక్కడివాళ్లు బంతిపూలు రాసులు పోస్తారు. అప్పుడు ఎండబెట్టి దాచిన పూలను ఆవిడ తెచ్చి ఇస్తూ, ఇవి మా పూలు, మీకెలా తెలుసని అడిగింది. నిజమే. బంతి పుట్టిల్లు మెక్సికో. గొబ్బెమ్మ మీద పెట్టే తియ్యగుమ్మడి పువ్వుదీ ఈ ఖండమే. మిరపకాయదీ అంతే. 1492 తర్వాతే ఇవన్నీ యూరపు వాళ్ల ఓడలెక్కి మన రేవులకు చేరాయి. కొత్త బియ్యం, నువ్వులు, చెరకు, రేగుపళ్లు తూర్పువే. కాని మన సంక్రాంతి వాకిట్లో సగం రంగు ఈ నేల నుంచి వచ్చిందే. పరాయి దేశానికి పండుగను మోసుకొచ్చామని అనుకుంటూ ఉన్నాము. మిరపా బంతీ మన ఊరు చేరి, నాలుగైదు వందల ఏళ్లలో మనవైపోయాయి. పరాయివని అక్కడ ఎవరూ అనలేదు.

సరిగ్గా ఆ వారమే మా రెండేళ్ల గడువు తీరింది. ఎడిసన్‌లో పాత ఉద్యోగం ఖాళీగా ఉంది, వస్తారా అని ఫోను కూడా వచ్చింది. అమ్మాయిని అడుగుదామని వెళ్తే, వచ్చే భోగికి ఎవరెవరిని పిలవాలో కాగితం మీద పేర్లు రాసుకుంటోంది. అడగకుండానే వెనక్కి వచ్చేశాము.

అన్నీ కుదిరాయని చెప్పము. చిన్నవాడికి స్పానిష్ పాటలు నాలుగొచ్చు, తెలుగు పద్యం ఒక్కటే వచ్చు. మిరపకాయకు ఏ ఊళ్లోనైనా మాటతో పని లేదు. పిల్లలకు ఉంది. విమానాశ్రయంలో నాయనమ్మ చెప్పిన చివరి మాటా అదే, "పండుగలు నిలబెట్టారు సరే, మాట?" అని. ఇప్పుడు నెలకొక ఆదివారం మూడు ఊళ్ల పిల్లలూ మా భోజనాల బల్ల చుట్టూ కూర్చొని అక్షరాలు దిద్దుతున్నారు. ఏడుగురున్నారు.

రాదలచినవారికి రెండు మాటలు. అక్టోబరు మొదటి వారంలో రావాలంటే హోటలు గది చాలా ముందుగా చూసుకోండి, లేదా మా ఇంటికి రండి. శాకాహారులు బిస్కోచీటో అనే సోంపు బిస్కట్టు, ఉడికించిన చిక్కుడు గింజలు తినేముందు తప్పక అడగండి, పంది కొవ్వుతో చేసే అలవాటు ఇక్కడ ఎక్కువ. చలికాలంలో మంట వేసేముందు ఆ రోజు నగరం అనుమతి ఉందో లేదో కనుక్కోవాలి. ఎడిసన్ దుకాణాల్లో ఎండు వేపపువ్వు కనిపిస్తే మాకో పొట్లం తెండి. మిరపకాయలు మాత్రం తేనక్కరలేదు.