జక్కయ్య లెక్క

లూకా సువార్తలో 18, 19 అధ్యాయాలు వరసగా చదివితే ఇద్దరు ధనవంతులు ఎదురవుతారు. ఒకడు చిన్ననాటి నుంచి ఆజ్ఞలన్నీ పాటించిన అధికారి. ఆస్తి అమ్మి బీదలకు ఇమ్మనగానే దిగులుపడ్డాడు. రెండోవాడు యెరికోలో సుంకరుల పెద్ద జక్కయ్య, ఊరంతా పాపి అని ముద్రవేసినవాడు. యేసు అతణ్ణి పైసా అడగలేదు, ఇంటికొస్తానన్నాడంతే. అయినా సగం ఆస్తి బీదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానని మాటిచ్చాడు. ఈ నాలుగింతలు నోటికొచ్చిన అంకె కాదు. తప్పు ఒప్పుకున్నవాడు అసలుకు ఐదో వంతు కలిపి ఇస్తే చాలని సంఖ్యాకాండం 5వ అధ్యాయం చెబుతుంది. నాలుగింతలు నిర్గమకాండం 22లో గొర్రెను దొంగిలించి చంపినవాడికి లేదా అమ్మినవాడికి పడే శిక్ష. జక్కయ్య తనను తాను దొంగల లెక్కలో రాసుకున్నాడు.

క్రియల వల్ల రక్షణ రాదు కదా అని కొందరు అడ్డు చెబుతారు. నిజమే, ఎఫెసీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో ఆ మాట స్పష్టంగా ఉంది. అయితే పదో వచనం సత్క్రియల ఊసెత్తుతుంది. మనకు తొమ్మిదో వచనం దగ్గర ఆగడమే అలవాటు! జక్కయ్య విషయంలోనూ వరస అదే: ముందు యేసు రాక, తర్వాత డబ్బు. మరి అందరూ సగం ఆస్తి పంచాలా? ఆ కొలత యేసు పెట్టలేదు, కొలువు మానమనీ అనలేదు. కానీ ఒకరి దగ్గర లాక్కున్నది మందిరంలో కానుకగా వేసి సరిపెట్టుకోవడానికి ఈ కథలో చోటు లేదు. ఎవరి కూలైనా బాకీ ఉంటే ముందు అది తీర్చండి.