వేడెక్కితే ఆగిపోయే బొమ్మ

ఆదోనిలో మూతబడిన ఒక వీడియో హాలు సామాన్లలో ఆ ప్రొజెక్టర్ మాకు పాత ఇనుము ధరకు దొరికింది. ఆ ఏడు సుగ్గికి గుంటూరు వైపు పోయి మిరపకాయలు కోసి తెచ్చిన డబ్బులో కొంత దానికి పోసినాము. కౌతాళం దాటి తండాకు ట్రాలీ ఆటోలో తెచ్చి దించుతుంటే మా యాడి ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

మేము ఇద్దరం అన్నదమ్ములం. చిన్నవాడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదువుతున్నాడు. 1975-76లో ఏటీఎస్-6 అనే ఉపగ్రహం నుంచి మన రాష్ట్రంతో కలిపి ఆరు రాష్ట్రాల పల్లెలకు టీవీ కార్యక్రమాలు వచ్చాయని, ఊరంతా ఒక్క టీవీ ముందు కూర్చునేదని బడిలో అయ్యవారు చెప్పేవారు. అట్లా మా తండా అంతా ఒకచోట కూర్చొని చూడాలని మా ఆశ. ముందటి ఏడు తీజ్‌లో ఆడవాళ్ళు పాడిన పాటలను సెల్లులో తీసి పెట్టుకున్నాము. ఆ పాడినవాళ్ళలో ఇద్దరు ముసలమ్మలు ఇప్పుడు లేరు.

ఈ కాలం ప్రొజెక్టర్ లాంటిది కాదు అది. లోపల వెలుగు కోసం వేరే బల్బు ఉండదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు ఒక్కొక్కటి చొప్పున మూడు పిక్చర్ ట్యూబులు ఉంటాయి, మూడింటికీ మూడు లెన్సులు. మూడు బొమ్మలూ గోడ మీద ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడితేనే అసలు రంగు కనిపిస్తుంది.

ప్లగ్గు పెడితే బొమ్మ వచ్చింది. తండా పిల్లలంతా అరిచినారు. పది నిమిషాలకు చీకటి. చల్లారనిచ్చి మళ్ళీ పెడితే మళ్ళీ పది నిమిషాలే.

మొదట కరెంటును అనుమానించినాము. 230 వోల్టులు ఉండాల్సింది పొద్దుగూకితే 170కి దిగేది మరి. అప్పు చేసి స్టెబిలైజర్ తెచ్చినాము. ఏమీ మారలేదు. తర్వాత ఒక మెకానిక్‌ను పిలిస్తే, ట్యూబులు పోయినాయప్పా, తూకానికి అమ్ముకోండి అన్నాడు. రాత్రంతా దాని గురించే మాట్లాడుకున్నాము. మూడు ట్యూబులూ ఒకే క్షణంలో ఎట్లా పోతాయి? పోయినవి చల్లారగానే ఎట్లా బతుకుతాయి? తప్పు మూడింటికీ ఉమ్మడిగా ఉన్న చోటే ఉండాలి.

ఆ తొందరలోనే దెబ్బ తగిలింది. ప్లగ్గు పీకినాము కదా అని చిన్నవాడు బోర్డు తిప్పి పట్టుకున్నాడు. పెద్ద కెపాసిటర్ కాళ్ళకు వేళ్ళు తగిలి వెనక్కి ఎగిరి పడినాడు. 230 వోల్టుల కరెంటు అందులో డీసీగా మారి 325 వోల్టుల దాకా నిలుస్తుంది, ప్లగ్గు పీకినా కాసేపు పోదు. ఐటీఐలో అది చదివినవాడే. చూపుడు వేలి కొసన తెల్లగా కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ రోజు యాడి నోరు తెరిచింది. దాన్ని బావిలో పడేయమంది.

తర్వాత పద్ధతి మార్చుకున్నాము. ప్లగ్గు పీకి పావుగంట ఆగడం. బల్బు హోల్డరు వైర్లను కెపాసిటర్ కాళ్ళకు తగిలించి ఉన్నదంతా దిగనివ్వడం. మీటరులో సున్నా చూసినాకే చెయ్యి పెట్టడం. ట్యూబులకు పోయే లావు వైర్ల జోలికి అసలు పోలేదు, అక్కడ ముప్పై వేల వోల్టులు దాటి ఉంటాయి. అయ్యవార్లకు ఒక మాట: పాత టీవీలను విప్పి చూపమని పిల్లలు అడిగితే, తెలిసినవాళ్ళు పక్కన లేకుండా విప్పనివ్వకండి.

దారంలో 100 వాట్ల బల్బును వరుసగా కలిపి చూసినాము. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలిగి అట్లానే ఉండిపోవాలి. ఇది ఒక్కసారి వెలిగి మందగించింది. అంటే సప్లైలో షార్ట్ లేదు. మరి చీకటి ఎందుకు? ఐటీఐ సారు చెప్పినాక తెలిసింది. కిరణాన్ని అటూ ఇటూ ఊపే సర్క్యూట్ ఆగిపోతే, కిరణం ఒకే చోట నిలిచి ట్యూబు లోపలి పూతను కాల్చేస్తుంది. అట్లా కాకుండా యంత్రమే బొమ్మను ఆపేస్తుంది. మేము జబ్బు అనుకున్న చీకటి, అది తనను తాను కాపాడుకోవడం.

ఆ ఊపే బోర్డును విప్పి ఎండలోకి తెచ్చి భూతద్దంతో ఒక్కొక్క టంకం చూసినాము. ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ కాలు చుట్టూ వెంట్రుకంత సన్నని నల్ల గీత కనిపించింది. ఏళ్ళ తరబడి వేడెక్కి, చల్లారి, ఆ బరువుకు టంకం పగిలింది. చల్లగా ఉన్నప్పుడు అంటుకొని ఉంటుంది, వేడెక్కితే విడిపోతుంది. పాత సీసం తీసి కొత్తది పోసినాము. ఒక్క రూపాయి సీసం కూడా పట్టలేదు. స్టెబిలైజర్ అప్పు మాత్రం మరుసటి సుగ్గి దాకా తీరలేదు.

తీజ్ రాత్రి బడి గోడ మీద బొమ్మ వేసినాము. పది నిమిషాలు దాటింది. ఇరవై దాటింది. ఎరుపు బొమ్మ మాత్రం వేలెడంత పక్కకు జరిగి ఉంది. ముసలమ్మల పక్కన ఎర్రటి నీడలు ఆడుతున్నాయి. మనిషికి ఇద్దరు ఉన్నారేమిరా అన్నాడు ఒక పెద్దాయన. గీతల బొమ్మ పెట్టి మూడు రంగులనూ కలిపేటందుకు మేము లేచినాము.

"కూర్చోండ్రా, పాట వినబడుతోంది కదా" అనింది యాడి.