అత్తయ్య అడగని మాట

మాది మైపాడు దగ్గర పల్లె. మా ఇంట్లో పాత కంప్యూటర్ ఒకటుంది. మా ఆయన రొయ్యల గుంటల లెక్కలు అందులోనే రాసుకుంటారు. డెబ్బై దాటిన మా అత్తయ్య మధ్యాహ్నం పూట అందులోనే ప్రవచనాలు వింటారు.

దాన్ని నడిపించేది విండోస్ 10. మైక్రోసాఫ్ట్ వాళ్ళు 2025 అక్టోబరు 14తో దానికి మామూలు సపోర్టు ఆపేశారు. కంప్యూటర్ ఆగిపోదు గానీ, తలుపుకి కొత్త తాళాలు రావడం మానేసినట్టే. విండోస్ 11 వేద్దామంటే మా పాతదానికి సరిపోదట. కొత్తది కొందామంటే, 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచిన దెబ్బకి అప్పట్లో రొయ్యల రేటు పడిపోయింది.

సంక్రాంతికి వచ్చిన మా అబ్బాయి లినక్స్ మింట్ అనేది వేసిపెట్టాడు. పైసా ఖర్చు లేదు. మా ఆయన లెక్కలన్నీ తెరుచుకున్నాయి. హమ్మయ్య అనుకున్నాను.

ఆ తర్వాత మూడు వారాలు అత్తయ్య కంప్యూటర్ ముందు కూర్చోలేదు. "కళ్ళు లాగుతున్నాయమ్మాయ్" అన్నారు. నేనూ నమ్మేశాను. ఒకరోజు బియ్యం ఏరుతూ మెల్లగా అడిగారు, "నేను నొక్కే ఆ బొమ్మ ఎక్కడికి పోయిందే?" అని. నా మనసు చివుక్కుమంది. కళ్ళు కాదు, తెలీదని చెప్పుకోవడానికి మొహమాటం!

మా అబ్బాయికి ఫోన్ చేసి, వాడు చెబుతుంటే నేనే సరిచేశాను. భాష తెలుగుకి మార్చాను, అక్షరాలు పెద్దవి చేశాను. ఆమెకు కావలసిన మూడు బొమ్మలే తెర మీద ఉంచాను. లినక్స్‌ని తెలుగులోకి తేవడానికి హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్ళు ఏళ్ళుగా పనిచేస్తున్నారని అప్పుడే తెలిసింది.

మీ ఇంట్లోనూ మార్చాలనుకుంటే ముందు ఫొటోలూ, లెక్కలూ వేరే చోట దాచుకోండి. లినక్స్‌ని పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడచ్చు. నచ్చకపోతే తీసేయండి, పాతది అలాగే ఉంటుంది. టాలీ లాంటివి వాడేవాళ్ళకి విండోసే నయం. అన్నిటికన్నా ముందు, రోజూ వాడే పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని నొక్కించి చూడండి. చిక్కొస్తే చెప్పేవాళ్ళు ఇంట్లో ఎవరున్నారో కూడా చూసుకోండి.

వంటింట్లో డబ్బాలు సర్దేటప్పుడు అత్తయ్య చేతికి ఏది అందుతుందో చూసి పెడతాం కదా! ఇదీ అంతే. మళ్ళీ మధ్యాహ్నాలు మా ఇంట్లో ప్రవచనం వినిపిస్తోంది.